గోపాలపురంలో పది రోజులు



సముద్రంలో దిగేటప్పుడు పక్క మనిషిని ఎక్కడ పట్టుకోవాలో తెలుసా మీకు? అరచేతిలో అరచెయ్యి వేస్తే తడికి జారిపోతుంది. మణికట్టు దగ్గర పట్టుకోవాలి. నా మణికట్టు మీరు, మీ మణికట్టు నేను. కెరటం వచ్చి గుద్దినప్పుడు ఒకరి పట్టు వదిలినా రెండోవారి పట్టు మిగులుతుంది.

ఈ సంగతి నాకు ఎనిమిదో ఏట తెలిసింది. చెప్పినాయన బడి మొహం చూసినవాడు కాదు. గోపాలపురం ఒడ్డున జనానికి సముద్రస్నానాలు చేయించే ముసలాయన. పేరేమిటో మేమెప్పుడూ అడగలేదు. తాతా అంటే పలికేవాడు. ఇవాళ ఆ ఊరి కబుర్లు, ఆ తాత కబుర్లు కాసిని మీతో చెప్పుకుందామని వచ్చాను.

శ్రీకాకుళం జిల్లా కొసన ఇచ్ఛాపురం ఉంది కదా, అది దాటితే ఒడిశా. ఇంకాస్త దూరం పోతే బరంపురం. బరంపురంలో బస్సెక్కి ఓ 16 కిలోమీటర్లు వెళ్తే రోడ్డు సముద్రం ముందు ఆగిపోతుంది. అదే గోపాలపురం. ఒడియావాళ్ళు గోపాల్‌పూర్ అంటారు. దొరలు దానికి 'ఆన్ సీ' అని తోక తగిలించారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా గంజాం జిల్లాలోని ఆ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. ఒకప్పటి మన రాష్ట్రపతి వి.వి.గిరి గారు 1894లో పుట్టింది బరంపురంలోనే. అందుచేత అక్కడ తెలుగు వినబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

మా అమ్మ పుట్టిల్లు బరంపురం. 1960ల చివరి సంగతి నేను చెబుతున్నది. పరీక్షలైపోగానే అమ్మ మమ్మల్ని వెంటపెట్టుకుని పుట్టింటికి చేరేది. మే నెల వచ్చేసరికి బరంపురం పెనంలా కాలేది. అప్పుడు మా మామయ్య గోపాలపురంలో ఒక పాత బంగళాలో రెండు గదులు పది రోజులకి అద్దెకు తీసుకునేవాడు. బస్సు టాపు మీదికి మా సామాను ఎక్కుతుంటే చూసేవాళ్ళు మేము కాపురం మారుస్తున్నామనుకునేవారు. కిరసనాయిలు స్టవ్వు, బియ్యం డబ్బా, కందిపప్పు, ఆవకాయ జాడీ, బరంపురం అప్పడాల కట్టలు, అమ్మమ్మ మడి బిందె, తాతగారి పడక్కుర్చీ. పది రోజుల ముచ్చటకి పదకొండు మందిమి.

గోపాలపురానికి ఒక్కో రుతువులో ఒక్కో రకం జనం వచ్చేవారు. ఎండాకాలంలో మాబోటి బరంపురం సంసారాలు. దసరాలకి కలకత్తా బెంగాలీలు. వాళ్ళు గాలి మార్పు కోసం వచ్చేవారు, ఒంటికి మంచిదని. క్రిస్మస్‌కి ఆంగ్లో ఇండియన్లు, దొరల్లో ఈ దేశంలో మిగిలిపోయినవాళ్ళు. ఊళ్ళో అందరికన్నా పెద్ద ముచ్చట పామ్ బీచ్ హోటలు. మాగ్లియోని అనే ఇటలీ దేశస్థుడు 1914లో కట్టించాడు దాన్ని. 1947లో ఒబెరాయ్‌వాళ్ళు తీసుకున్నారు. మేమెవరమూ దాని లోపలికి అడుగు పెట్టలేదు. ఇసకలో నిలబడి దాని వరండాలో కాఫీ తాగేవాళ్ళని చూసేవాళ్ళం. వాళ్ళూ మమ్మల్ని చూసేవారనుకోండి. పదకొండు మంది వరసగా కూర్చుని ఒకే గిన్నెలోంచి ఉప్మా తినే దృశ్యం వాళ్ళకి మాత్రం రోజూ ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు ఆ బంగళా గురించి చెప్పాలి. సముద్రం ఒడ్డున ఇల్లు అనగానే మనకి బొమ్మలో చూసినట్టు అందంగా తోస్తుంది. అందులో కాపురం చేసేవాళ్ళని అడగండి. మేము చేరిన రెండో రోజుకే ఉప్పు డబ్బాలో ఉప్పు నీరైపోయేది. వేయించిన అప్పడం పళ్ళెంలోంచి నోటి దాకా వచ్చేలోపల మెత్తబడిపోయేది. అగ్గిపుల్ల గీస్తే వెలిగేది కాదు, అగ్గిపెట్టెని మామయ్య చొక్కా జేబులో పెట్టుకుని ఒంటి వేడికి ఆరబెట్టేవాడు. కిటికీ బందులు తుప్పు పట్టి ఏడుస్తూ తెరుచుకునేవి. తాళం కప్పకి కొబ్బరినూనె రాసి గుడ్డ చుట్టి ఉంచేవాడు బంగళా కావలివాడు. చుట్టకపోతే మూడు నెలల్లో తాళంచెవి తిరగదని అతని ఫిర్యాదు.

ఇక నీళ్ళు. బంగళా బావిలో ఉప్పునీళ్ళు. వాటితో కందిపప్పు పొద్దున్న పెడితే మధ్యాహ్నానికి కూడా పప్పు పప్పులాగే ఉండేది. అమ్మమ్మ విసుగంతా ఆ బావి మీదే. మంచినీళ్ళకి ఇసక దిబ్బల వెనక్కి వెళ్ళేవాళ్ళం. అక్కడ చెలమలుండేవి. సముద్రానికి కూతవేటు దూరం, నాలుగడుగులు తవ్వితే తియ్యటి నీళ్ళు! వాన నీరు ఇసకలోకి ఇంకి, తేలిక కాబట్టి అడుగున ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. మరీ లోతుగా తవ్వినా, ఆబగా తోడేసినా అడుగునున్న ఉప్పు పైకొస్తుంది. అందుకని చిన్న ముంతతో, పైపైన, నెమ్మదిగా ముంచుకోవాలి. బిందె నిండటానికి అరగంట. ఆ అరగంటలో ఆడవాళ్ళు చెప్పుకునే కబుర్ల కోసమే మా పిన్ని నీళ్ళకి ముందు బయల్దేరేదని ఇంట్లో అందరికీ తెలుసు.

పొద్దున్నే లేచి ఒడ్డుకి పరిగెత్తేవాళ్ళం. ఇంకా చీకటి పూర్తిగా విడేది కాదు. తెల్లారకట్ల వెళ్ళిన తెప్పలు ఒక్కొక్కటే కెరటం మీద లేచి, మాయమై, మళ్ళీ లేచి ఒడ్డుకొచ్చేవి. తెప్ప అంటే నాలుగు దుంగలు కలిపి కట్టిన కట్టు, అంతే. ఒడ్డుకి రాగానే కట్లు విప్పి దుంగలు విడదీసి ఆరబెట్టేవారు. ఇందాకటిదాకా సముద్రం మీద తిరిగిన ఓడ కాస్తా కళ్ళముందే కట్టెలైపోవడం మాకు పెద్ద గారడీలా ఉండేది.

అంతకన్నా సంబరం పెద్దవల లాగడం. వల ఒక కొస తాడు ఒడ్డున ఉంచుతారు. పడవ ఆ వలని సముద్రంలో అర్ధచంద్రాకారంగా వదులుకుంటూ పోయి, రెండో కొస తాడుతో దూరంగా ఇంకోచోట ఒడ్డుకొస్తుంది. అప్పుడు ఇటొక జట్టు, అటొక జట్టు హైలెస్సా అని తాళ్ళు లాగుతూ ఒకళ్ళ వైపు ఒకళ్ళు జరుగుతారు. గంట పైన పడుతుంది. పిల్లల్ని కూడా తాడు పట్టుకోనిచ్చేవారు. మేము లాగినదాని వల్ల వల అంగుళం కూడా కదిలి ఉండదు. అయినా వల ఒడ్డుకి వచ్చి, కవళ్ళూ నెత్తళ్ళూ వెండి కాసుల్లా ఎగురుతుంటే, అది మా కష్టార్జితమే అన్నంత గర్వం. తాడు పట్టుకున్న పిల్లలకి కూడా వాటా ఉండేది. దోసెడు చిన్న చేపలు. మా ఇంట్లో చేప వండరు. ఆ వాటా కావలివాడికి పోయేది. అందుకే కాబోలు, రోజూ పొద్దున్నే తలుపు తట్టి మమ్మల్ని లేపేవాడు అతనే.

ఎండ ఎక్కాక తాత వచ్చేవాడు. నెత్తిన తాటాకు, బద్దలతో అల్లిన కోసు టోపీ, మొలకి గోచీ. ఒళ్ళంతా నల్లరాయి నునుపు. ఇలాంటివాళ్ళని ఒడియావాళ్ళు నులియాలంటారు. వీళ్ళలో చాలామంది తెలుగువాళ్ళే. వాడబలిజలమని చెప్పుకుంటారు. పూరీలో కూడా పెంటకోట అనే పెద్ద పల్లె పల్లెంతా వీళ్ళే. పుట్టింది ఒడియా గడ్డ మీద, బేరం ఒడియాలో, బెంగాలీలతో బెంగాలీలో, సముద్రంతో మాత్రం తెలుగులో మాట్లాడతారు. తాత కెరటాన్ని తిట్టినప్పుడల్లా నేను విన్నాను. అచ్చమైన శ్రీకాకుళం తెలుగు.

గోపాలపురం సముద్రం చూపుకి నెమ్మదిగా ఉంటుంది గానీ మంచిది కాదు. ఒడ్డు ఏటవాలు. మోకాలి లోతు అనుకుని ఇంకో రెండడుగులు వేస్తే నడుం దాటిపోతుంది. కెరటం ఒడ్డునే విరుగుతుంది. అది విరిగి వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసకని లాక్కుపోతుంది. తెలియనివాళ్ళు భయపడేది ముందుకొచ్చే కెరటాన్ని చూసి. తాత భయపడమన్నది వెనక్కి పోయే నీళ్ళని చూసి.

ఆయన పాఠాలు మూడే. ఒకటి, మణికట్టు. రెండు, కెరటానికి ఎదురు రొమ్ము చూపించకుండా పక్కకి తిరిగి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడాలి. పెద్దదొస్తే కిందికి వంగి దాన్ని తల మీదనించి పోనివ్వాలి. మూడోది ఆయన మాటల్లోనే చెప్పాలి: "సంద్రానికి ఈపు సూపకండి బాబూ. గట్టెక్కినా ఎనక్కి ఎనక్కి నడిసి రండి."

మా అమ్మమ్మ మాత్రం నీళ్ళలో దిగేది కాదు. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని ముట్టుకోకూడదని ఆవిడ నియమం. తొమ్మిది రోజులూ ఇసకలో పీట వేసుకు కూర్చుని మా మీద కేకలేసేది. అయితే మామయ్య గడుసువాడు. పంచాంగం చూసి, ఆ పది రోజుల్లో పౌర్ణమి పడేట్టు గదులు మాట్లాడేవాడు.

ఒక ఏడు వైశాఖ పౌర్ణమి. మీకు తెలుసు, పౌర్ణమికీ అమావాస్యకీ సూర్యుడూ చంద్రుడూ భూమీ ఒక వరసలో ఉంటాయి, రెండు లాగుళ్ళూ కలిసి పోటు హెచ్చుతుంది. అంటే పెద్దలు స్నానం చెయ్యమన్న రోజే సముద్రం నెలలోకెల్లా పెద్దది. ఆ పొద్దున్న కెరటాలు మా పీటలు వేసుకునే చోటు దాటి వచ్చి, తాతగారి పడక్కుర్చీ కాళ్ళు తడుపుతున్నాయి.

తాత అడ్డం వచ్చాడు. "ఇయాల పున్నం పోటమ్మా. లోనికొద్దు. గట్టు మీద కూకోండి, బిందెతో తెచ్చి తలమీద పోస్తాను."

"మూడు మునకలు వెయ్యందే నేను ఇంటికి రాను" అంది అమ్మమ్మ.

"అయితే సెయ్యి ఇయ్యండి."

మేమందరం నోళ్ళు మూసేశాం. అమ్మమ్మ సంగతి మీకు చెప్పలేదు. మడి మనిషి. బంగళాలో మంచినీళ్ళ బిందె మేము తాకితేనే ఊరుకునేది కాదు. తాతకి రోజూ ఇచ్చే కూలి డబ్బులు చేతికివ్వకుండా అరుగు మీద పెట్టేది, ఆయన తీసుకునేవాడు. అలాంటి మనిషి ఓసారి తాతగారి వైపు చూసింది. తాతగారు సముద్రం వైపు చూశారు. అమ్మమ్మ కుడిచేతి గాజులు మోచేతి దాకా పైకి తోసుకుంది. చెయ్యి చాపింది.

తాత మణికట్టు పట్టుకున్నాడు. నేనూ పిన్నీ ఒడ్డున నిలబడి చూస్తున్నాం. మొదటి కెరటానికి ఇద్దరూ పక్కకి తిరిగారు. రెండోదానికి వంగారు. నీళ్ళు వాళ్ళ మీదనించి పోయాయి. ఆ క్షణం అక్కడ టోపీ లేదు, కొప్పు లేదు, ఉత్త నురగ. నా గుండె ఆగింది. అంతలో ఇద్దరూ లేచారు. అలా మూడుసార్లు. తరవాత వెనక్కి వెనక్కి నడిచి గట్టెక్కించాడు. అమ్మమ్మ ఇసకలో చతికిలపడి, తడి చీరతో, జుట్టంతా విడిపోయి, నవ్వడం మొదలుపెట్టింది. ఎందుకో చెప్పదు. నవ్వుతూనే ఉంది. నేను పుట్టి బుద్ధెరిగి ఆవిడ అంతసేపు నవ్వగా చూడలేదు.

మర్నాడు కూలి డబ్బులు చేతికిచ్చింది. అరిటాకు ముక్కలో ఇంత ఆవకాయ కూడా. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. బరంపురం వెళ్ళగానే మడి మళ్ళీ మామూలే. ఆవిడ మారిపోయిందని చెబితే నేను అబద్ధం చెప్పినట్టే. కానీ ఆ తరవాత ఏ ఏడు వెళ్ళినా డబ్బులు అరుగు మీద పెట్టడం మాత్రం చూడలేదు.

మధ్యాహ్నాలు ఎండకి ఎవరూ బయటికి వెళ్ళనిచ్చేవారు కాదు. అందుకని దొంగతనంగా వెళ్ళేవాళ్ళం. బంగళా వెనక సరుగుడు తోపు, దాని పక్కన జీడిమామిడి చెట్లు. సరుగుడు తోపులో గాలి చేసే చప్పుడు సముద్రం చప్పుడుకి వరసకి చెల్లెలు. రాలిపడిన జీడిపళ్ళు తింటే గొంతు పట్టేసేది, రసం మరకలు పడితే గౌను ఇక పనికిరాదు. గింజల్ని ఎండుటాకుల మంటలో వేసి కాల్చేవాళ్ళం. పెంకులోని నూనె బుస్సుమని మండేది. మంట ఆరాక రాయితో కొట్టి పప్పు తీసుకుంటే, నల్లటి వేళ్ళు, మూతి చుట్టూ బొబ్బలు. ఇంట్లో ఎంత బొంకినా ఆ మూతులే సాక్ష్యం చెప్పేవి.

ఇసక గట్ల మీద మొగలి పొదలు ఉండేవి. గంజాం తీరమంటేనే మొగలి. ఆ పూలని రాగి డేగిసాల్లో వేసి, ఆవిరి పట్టి, అత్తరు తీస్తారు. మన దేశంలో మొగలి అత్తరుకి ఆ జిల్లాయే పుట్టిల్లు. వాసనుండేది మగ పూలకి. వానలు పడ్డాక ఎక్కువగా పూస్తాయి. మేము వెళ్ళే రోజుల్లో ఎక్కడో ఒకటీ అరా దొరికేది. ముళ్ళ మధ్య చెయ్యి పెట్టి దాన్ని కోసి తెచ్చినవాళ్ళకి ఆ పూట అదనంగా ఓ గరిటె పాయసం. అమ్మమ్మ ఆ రేకుల్ని బరంపురం పట్టుచీరల మడతల్లో పెట్టేది. ఆవిడ పోయిన చాలా ఏళ్ళకి పెట్టె తీస్తే రేకు పొడిపొడి అయింది గానీ వాసన పోలేదు.

సాయంకాలం లైట్‌హౌస్. ఆ వేళప్పుడు జనాన్ని పైకి ఎక్కనిచ్చేవారు. మెట్లెక్కి పైకి వెళ్తే ఒక వంక సముద్రం, ఒక వంక కయ్య నీళ్ళు, నడుమ సన్నటి ఇసక పట్టీ మీద మన ఊరు. ఇంత చిన్న ఊరా అనిపించేది. కింద ఇసకలో వేయించిన వేరుశనక్కాయలు, ఘుగుణి, వేడివేడి బరాలు. చీకటి పడగానే దీపం తిరగడం మొదలయ్యేది. ఆ వెలుగు మా బంగళా గోడ మీద పడే క్షణాన్ని ముందుగా చెప్పినవాడు ఆ రాత్రికి గెలిచినట్టు.

ఆ ఒడ్డునే సముద్రంలోకి పోతూ కొన్ని విరిగిన స్తంభాలు ఉండేవి. అది పాత రేవుకట్ట. అవి చూపించి తాత కథలు చెప్పేవాడు. ఒకప్పుడు రంగం వెళ్ళే స్టీమర్లు ఇక్కడ ఆగేవి. రంగం అంటే రంగూను. మన ఉత్తరాంధ్రలో పెద్దవాళ్ళు ఇప్పటికీ అలాగే అంటారు. రంగం వెళ్ళి సంపాదించి కట్టిన ఇళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నాయి. అక్కడివాళ్ళు మనల్ని కోరంగీలనేవారు, కోరంగి రేవు పేరు మీద. శ్రీకాకుళం వైపు నించీ, గంజాం నించీ కూలీలు మూట నెత్తిన పెట్టుకుని ఇక్కడికొచ్చేవారు. స్టీమరు ఒడ్డుకి రాలేదు, దూరంగా లంగరేసేది. అక్కడిదాకా జనాన్ని చేర్చేది మసూలా పడవలు. ఆ పడవకి మేకు ఉండదు. చెక్కల్ని కొబ్బరి తాడుతో కుట్టేస్తారు. మేకులు కొట్టిన పడవైతే కెరటం దెబ్బకి చీలుతుంది, కుట్టిన పడవ దెబ్బకి వంగి, ఒదిగి, మళ్ళీ సర్దుకుంటుంది.

తాత వాళ్ళ నాన్న ఆ పడవల మీద పని చేశాడట. 1942 మార్చిలో జపాను సైన్యం రంగూను పట్టుకుంది. స్టీమర్లు ఆగిపోయాయి. అడవులు దాటి నడిచి వచ్చినవాళ్ళు వచ్చారు, రానివాళ్ళు రాలేదు. పడవల పని పోయింది. "మా అయ్య మనుసుల్ని కెరటం దాటించి దేసం పంపించినాడు. నాను కెరటం సూపించి ఇంటికి పంపిస్తన్నాను" అనేవాడు తాత. సెలవలకి వచ్చిన మాకు అది స్నానం. ఆయనకది రెండు తరాల కూలి. ఆ తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తరవాత ఏమైంది? అందరి ఇళ్ళలో అయిందే. అమ్మమ్మ, తాతగారు పోయారు. మామయ్యకి బదిలీ. బరంపురం ఇల్లు అమ్మేశారు. నేను మళ్ళీ గోపాలపురం వెళ్ళింది ఫైలిన్ తుపాను వచ్చిన రెండేళ్ళకి. 2013 అక్టోబరు 12 రాత్రి ఆ తుపాను తీరం దాటింది సరిగ్గా అక్కడే, గంటకి 200 కిలోమీటర్లు మించిన గాలితో. అంతకుముందే ఒడిశాలో దాదాపు 10 లక్షల మందిని ఖాళీ చేయించారు కనక ప్రాణనష్టం బాగా తగ్గింది. చెట్లని ఎవరు ఖాళీ చేయించగలరు? సరుగుడు తోపు ఉన్నచోట మొండేలు. మా బంగళా ఉన్నచోట నాలుగు గోడలు, వాటి మధ్య ఆకాశం. ఆ ఇటలీ ఆయన హోటలు పేరు మారి ఇంకా ఉంది. లైట్‌హౌస్ ఉంది.

ఒడ్డున ఓ పాతికేళ్ళ కుర్రాడు, టోపీ లేదు, టీషర్టు. హిందీలో అడిగాను, స్నానం చేయిస్తావా అని. నా పక్కన మా మనవరాలితో నేనేదో అంటుంటే విని, "తెలుగోలా? శ్రీకాకులమా?" అన్నాడు. సూరత్‌లో మగ్గాల మీద ఆరేళ్ళు పని చేసి వచ్చాడట. గంజాం కుర్రాళ్ళు చాలామంది పోయేది అక్కడికే. తాతలది రంగం, మనవలది సూరత్.

మా తాత ఆనవాళ్ళు చెప్పాను. నల్లగా ఉండేవాడు, కోసు టోపీ, సముద్రాన్ని తిట్టేవాడు. ఆ కుర్రాడు నవ్వాడు. "అప్పటి తాతలందరూ అలాగే ఉండేవోరమ్మా" అన్నాడు.

చెయ్యి చాపాను. అతను అందుకోలేదు. సముద్రం వైపు ఓ నిమిషం చూశాడు. "ఇయాల వద్దమ్మా. లాగుడుంది. రేపు రండి" అన్నాడు. రాత్రికే మా రైలు. ఆ మాట చెప్పాను. డబ్బు ఎక్కువిస్తానన్నాను, సిగ్గు లేకుండా. వినలేదు. మాకు కాస్త అవతల నలుగురు కుర్రాళ్ళు కేరింతలు కొడుతూ దిగుతుంటే పరిగెత్తుకెళ్ళి వాళ్ళని కేకలేసి బయటికి రప్పించాడు. వాళ్ళు అతన్ని తిట్టారు. తిట్లు తిని తిరిగొచ్చి మా పక్కన కూర్చున్నాడు. ఆ పూట అతనికి ఒక్క రూపాయి కూడా రాలేదు.

కూర్చుని తాబేళ్ళ గురించి చెప్పాడు. గోపాలపురానికి ఉత్తరాన ఋషికుల్య నది సముద్రంలో కలుస్తుంది. చలికాలం చివర ఆ ఇసక మీదికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు వేలకి వేలు వచ్చి, ఒక్కోటి నూరు దాకా గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి. పండితులు ఆ సంగతి రాసుకున్నది 1994లో. పల్లెవాళ్ళకి ఎప్పటినించో తెలుసు. మా తాత కూడా అనేవాడు, "మీకంటే ముందొచ్చిన సుట్టాలు ఎల్లిపోనారు" అని. ఆ చుట్టాలు తాబేళ్ళని నాకు అప్పుడు అర్థమైంది. ఓ యాభై రోజులకి గుడ్లు పగిలి పిల్లలు రాత్రిపూట బయటికొస్తాయి. ఎటు వెలుతురుంటే అటు పోతాయి. వెనకటికి వెలుతురంటే సముద్రం మీది మెరుపే. ఇప్పుడు రోడ్డు దీపాలు, హోటలు దీపాలు. అందుకని ఆ రోజుల్లో పల్లెల్లో దీపాలు ఆర్పి, దారి తప్పిన పిల్లల్ని బుట్టల్లో ఏరి నీళ్ళలో వదులుతారట. వాటికి మాత్రం మణికట్టు ఎక్కడుంది పట్టుకోవడానికి.

శ్రోతలారా, వేసవి సెలవలొస్తున్నాయి. గోపాలపురమే కానక్కర్లేదు. భీమిలి కావచ్చు, సూర్యలంక కావచ్చు, మైపాడు కావచ్చు. పిల్లల్ని తీసుకుని తప్పకుండా వెళ్ళండి. రాత్రి ఒడ్డున టార్చీలైట్లు, పెద్ద దీపాలు వెయ్యకండి. సముద్రంలో దిగేముందు ఆ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషిని ఒకణ్ణి వెతుక్కోండి. అతను అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి, చేతికివ్వండి. దిగమంటే మణికట్టు ఇచ్చి దిగండి. వద్దంటే మాత్రం మారు మాట్లాడకుండా ఇసకలో కూర్చుని వేరుశనక్కాయలు తినండి.